నేను చెరిపేసిన గొంతు

ఆ గాయకుడు పోయాడని ఒక కెన్యా మనిషి నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఒకప్పుడు బహ్రెయిన్‌లో, మనామాలో సెక్యూరిటీ గార్డుగా పనిచేసినవాడు. "మహూజ్ గదిలో కూర్చున్నవాళ్ళం తలా కొంచెం రాసి పంపుతున్నాం. ఘనాలో ఆయన పెట్టిన బడిలో చదివి వినిపిస్తారట. నువ్వూ రాయి. ఆ గదిలో స్పీకర్లన్నీ బిగించింది నువ్వే కదా" అన్నాడు. రాస్తానన్నాను. రెండు పేజీలు రాశాను కూడా. ఆయన ఎవరెవరికి ఏం చేశాడో అన్నీ తేలిగ్గా వచ్చాయి. తీరా చదువుకుంటే అందులో నేను చేసింది లేదు. అది లేకుండా ఆ కాగితాలు పంపడానికి చెయ్యి రాలేదు.

నేను బహ్రెయిన్ వెళ్ళింది తొంభైల మధ్యలో. మాది జగిత్యాల వైపు. మా ఊళ్ళో కువైట్ వెళ్ళినా, బహ్రెయిన్ వెళ్ళినా అందరికీ దుబాయి వెళ్ళినట్టే. హూరాలో ఒక హోటల్లో ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌గా చేరాను. సాయంత్రాలు పాడే బ్యాండుకు మైకులు, వైర్లు సర్దడం కూడా నా డ్యూటీయే. ఆ బ్యాండులో పాడేవాడు ఆయన. జమైకాలో పుట్టి, నడి వయసులో ఘనా వెళ్ళి అక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. నెరిసిన జడలన్నీ ఒక అల్లిన టోపీలోకి దోపుకునేవాడు. హోటల్‌కు వచ్చేవాళ్ళు అడిగిన పాటలన్నీ పాడి, చివర్లో తన రెగ్గే పాటలు రెండు పాడేవాడు. మా దగ్గర డప్పు దెబ్బ పడేచోట ఆ పాటలో ఖాళీ ఉండేది, దెబ్బ దాని పక్కన పడేది. మొదట్లో ఈయన తాళం తప్పుతున్నాడనే అనుకున్నాను. నెల తిరిగేసరికి వైర్లు చుడుతూ నేనూ ఆ ఖాళీలోనే కాలు ఆడిస్తున్నాను.

ఒకరోజు ఆయన తన శుక్రవారం గదిలో స్పీకరు బిగించాలని నన్ను మహూజ్ తీసుకెళ్ళాడు. ఒక మేడ మీద, రేకులు వేసిన పొడుగాటి గది. ఆయనే అద్దెకు తీసుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా అక్కడికి రావచ్చు. ఇళ్ళల్లో పనిచేసే ఇథియోపియా, ఎరిత్రియా ఆడవాళ్ళు, కెన్యా గార్డులు, సుడాన్ డ్రైవర్లు వచ్చేవాళ్ళు. ఒకరికి జ్వరమొస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎవరి కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, ఎవరు వెళ్ళి మాట్లాడాలి, అన్నీ ఆ గదిలోనే తేలేవి. హోటల్లో పక్కన పడేసిన దుప్పట్లు, కర్టెన్లు నేను లాండ్రీ నుంచి మోసుకొచ్చేవాణ్ణి. గదికి పెద్దలా ఉండే ఒక ఎరిత్రియా దర్జీ వాటిని పిల్లల చొక్కాలుగా కుట్టేవాడు. ఆయన్ను అందరం మాస్టర్ అనేవాళ్ళం. ఆయన నన్ను రఫీక్ అనేవాడు, అరబ్బీలో దోస్తు అని. ఆ చొక్కాలు పెట్టెలకెక్కి ఘనాలో బడికి వెళ్ళేవి.

"ఊళ్ళో ఉన్నప్పుడు మేం ఎవరి ఊరివాళ్ళం వాళ్ళమే. ఇక్కడికొచ్చాకే ఆఫ్రికావాళ్ళమయ్యాం. ఆ ఒక్క మేలు పాడవకుండా చూసుకోవాలి" అనేవాడు ఆయన. నాకు మా క్యాంపు గుర్తొచ్చేది. తెలుగువాళ్ళం నలభై మందిమి ఉండి, కరీంనగర్ వాళ్ళ పొయ్యి వేరు, గోదావరి వాళ్ళ పొయ్యి వేరు.

ఆ గదికి వెళ్ళినందుకు నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం మావాళ్ళకు తెలియడం నాకు ఇష్టం లేదు. మా పక్క ఊరివాడు ఒకడు నా పక్క మంచంలో పడుకునేవాడు. శుక్రవారం నేను చొక్కా తొడిగితే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏందిరో, మల్ల ఆ నల్లోల్ల కాడికేనా? ఆడ నీకేం పెడ్తున్నర్రా?"

"చాయ్ పోస్తరే."

"చాయ్ కోసం మహూజ్ దాక పోతవా? ఈడ మేం పోస్తలేమా?"

"హోటల్ల పెద్దోడు గదా, పని చెప్తడు. పోకుంటే ఊకుంటడా?" అనేవాణ్ణి. ఆయన నాతో ఎన్నడూ పని చేయించుకోలేదు. నేను ఇష్టపడి చేసినదే అంతా. అక్కడ అందరూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. నేను కడుపు బాలేదని చెప్పి లేచి బయట నిలబడేవాణ్ణి. మూడో వారం నుంచి ఆయన ఏమీ అనకుండా నాకొక చిన్న పళ్ళెం వేరుగా పెట్టించాడు. అందులోదే తిన్నాను. ఆ పళ్ళెం ఎందుకు వేరైందో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఇక క్యాసెట్ల సంగతి. అప్పట్లో ఫోను అంటే భారం, ఉత్తరం రాయడం అందరికీ రాదు. మా క్యాంపులో మేమంతా టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి వెళ్ళేవాళ్ళ చేతిలో ఆ క్యాసెట్ పెట్టి పంపేవాళ్ళం. ఇంటివాళ్ళు అది విని, దాని మీదే జవాబు మాట్లాడి, తిరిగి వచ్చేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. అలా ఒకే క్యాసెట్ అటూ ఇటూ నాలుగైదు సార్లు తిరిగేది. ఒకసారి విన్న మాట మీద ఇంకో మాట ఎక్కించడం మాకు తప్పుగా అనిపించేది కాదు.

మహూజ్ గదిలో పద్ధతి వేరు. అక్కడ ఎవరి గొంతూ చెరిపేవాళ్ళు కాదు. ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్లన్నీ ఒక చెక్క పెట్టెలో ఉండేవి. పనిచేసే ఇళ్ళల్లో వినే వీలు లేనివాళ్ళు శుక్రవారం వచ్చి అక్కడే వినేవాళ్ళు. క్యాసెట్ పై అంచున చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద రికార్డు కాదు. కొత్త క్యాసెట్ రాగానే ఆయన దాన్ని స్క్రూడ్రైవర్‌తో విరిచి పెట్టెలో పెట్టేవాడు. ఆ స్క్రూడ్రైవర్ నాదే.

తొంభైల చివర్లో ఇథియోపియాకూ ఎరిత్రియాకూ సరిహద్దు మీద యుద్ధం వచ్చింది. గదిలో అందరూ దాని గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. అయినా రావడం మానలేదు. అవాలిలో ఒక తెల్లదొరల ఇంట్లో పనిచేసే ఇథియోపియా మనిషి ఒకామె ఉండేది. ఆమె తమ్ముణ్ణి సైన్యంలోకి తీసుకున్నారు. వెళ్ళేముందు అతను మాట్లాడిన క్యాసెట్ ఒక శుక్రవారం ఎవరి ద్వారానో వచ్చింది. పెట్టగానే ఆమె ఏడుపు అందుకుంది. అక్కడున్న ఆడవాళ్ళంతా ఆమెను పట్టుకుని కూర్చున్నారు. ఆ గోలలో సగం వినపడలేదు. "వచ్చే శుక్రవారం నెమ్మదిగా వింటాను" అంది. ఆయన ఆ బిళ్ళ విరిచి క్యాసెట్ పెట్టెలో పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాతి శుక్రవారమే నేను ఆ పని చేశాను.

నా భార్యకు నేను మూడు నెలలుగా క్యాసెట్ పంపలేదు. ఆ సాయంత్రమే మా పక్క ఊరివాడు ఊరికి వెళ్తున్నాడు. "అయిదింటికల్లా సామాన్ కట్టేస్త. ఇస్తే ఇయ్యి, లేకుంటే ఖలాస్" అన్నాడు. కొత్త క్యాసెట్ కొందామంటే నమాజు వేళ, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఏమీ తోచక మహూజ్ వెళ్ళాను. మాస్టర్ గది తాళం తీసి, "రఫీక్, నువ్వు వైర్లు చూసుకో, నేను నమాజుకు వెళ్ళొస్తా" అని మెట్లు దిగాడు. నేనొక్కణ్ణే మిగిలాను. ఎదురుగా టేప్ రికార్డర్, పక్కన పెట్టె. పైన ఉన్న క్యాసెట్ తీసి పెట్టి కొంచెం విన్నాను. ఎవరో మాట్లాడుతున్నారు. భాష తెలియదు. మా క్యాంపు అలవాటు ప్రకారం పొరపాటున చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. బిళ్ళ విరిచి ఉంది. సిగరెట్ పెట్టెలోని కాగితం చింపి, మడిచి, ఆ కంతలో కుక్కి మరీ రికార్డు చేశాను. నాకు అర్థం కాని భాష కాబట్టి ఆ గొంతు నా చెవికి గొంతులా ఆనలేదు. చప్పుడులా ఆనింది. ఇరవై నిమిషాల పాటు మా బోరు గురించి, బర్రె గురించి, పిల్లదాని బడి గురించి మాట్లాడి, క్యాసెట్ జేబులో వేసుకుని, సాయంత్రం పక్క ఊరివాడి చేతిలో పెట్టాను.

అది ఆమె తమ్ముడి క్యాసెట్ అని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. చర్చి నుంచి నేరుగా వచ్చి ఆమె పెట్టె తెరిచింది. ఒక్కొక్కటే బయట పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి వెతికింది. పక్క ఊరివాడు సామాన్ కట్టడానికి ఇంకా మూడు గంటల టైముంది. క్యాసెట్ నా జేబులోనే ఉంది, తీసి ఇచ్చేయొచ్చు. ఆ పని చేయడానికి అందరి ముందూ నోరు విప్పాలి. విప్పలేదు.

"నేను తాళం తీసి నమాజుకు వెళ్ళాను. భాయ్ ఇక్కడే ఉన్నాడు" అన్నాడు మాస్టర్.

గాయకుడు నా వైపు తిరిగాడు. "బ్రదర్, ఎవరైనా పెట్టె ముట్టుకున్నారా?"

"నేను బయట వైరు లాగుతున్నాను. నేను వచ్చేసరికి తలుపు తీసి ఉంది, మాస్టర్ ఉన్నాడు" అన్నాను. విడివిడిగా చూస్తే అందులో సగం నిజమే.

ఇంకో ఇథియోపియా ఆమె అంది: "ఇండియావాడికి మా భాష క్యాసెట్‌తో ఏం పని?" ఆ మాట నాకు రక్షణ అయింది. అందరి చూపూ మాస్టర్ మీదికి వెళ్ళింది. ఆయన దేశానికీ వాళ్ళ దేశానికీ అప్పుడు యుద్ధం. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

రెండు నెలలకు పక్క ఊరివాడు సెలవు ముగించుకుని వచ్చాడు. నా భార్య జవాబు తెచ్చాడు. అదే క్యాసెట్. మా పద్ధతి ప్రకారం ఆమె నా మాటల మీదే మాట్లాడింది. ఊరి సంగతులన్నీ చెప్పింది. చివరికి వచ్చేసరికి ఇలా అంది:

"ఇగో, మీ మాట అయిపోయినంక ఇంకెవరో మాట్లాడుతున్నడు. ఏం భాషనో ఏమో. రేడియో అనుకున్న మొదలు. రేడియో గాదు. ఇంటోల్లను పేర్లు వెట్టి పిలుస్తుండు, గొంతు తెలుస్తనే ఉన్నది గదా. మీ దోస్తుదా? ఎవలిదో ఏమో గని చెరపబుద్ధి గాలే. ఇంకా చెప్పేదుండె. మల్ల చెప్త. ఈడికి ఆపుతున్న."

ఆపింది. ఒక టక్కు శబ్దం. ఆ తర్వాత ఆ అబ్బాయి గొంతు, ఆరేడు నిమిషాలు.

నా భార్య ఆ దేశం పేరు కూడా వినలేదు. ఒక్కసారి విని, అది ఎవరికో కావలసిన మనిషి మాట అని తెలుసుకుంది. తన మాటలు తగ్గించుకుని దాన్ని మిగిల్చింది. వాళ్ళ మధ్య రెండేళ్ళు కూర్చున్న నాకు అది తెలియలేదు.

అప్పుడైనా ఆ క్యాసెట్ ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి ఇచ్చి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ అందులో నా భార్య గొంతు ఉంది. తెలుగు వినగానే ఎవరి పని అన్నది తేలిపోతుంది. నేను మైకు వైరు పీకేసి, రికార్డు నొక్కి, నా భార్య మాట్లాడినంత మేరా ఖాళీ ఎక్కించాను. చెరపబుద్ధి కాలేదన్న ఆ మాటను కూడా చెరిపాను. ఆ అబ్బాయి గొంతు మొదలయ్యేచోట ఆపి, క్యాసెట్ తీసుకెళ్ళి ఎవరూ చూడకుండా పెట్టె అడుగున పెట్టాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. మిగిలిందైనా ఆమెకు దక్కుతుందని.

తర్వాతి శుక్రవారం ఆమెకు అది దొరికింది. పెట్టింది. ఇరవై నిమిషాలు ఉత్త గాలి చప్పుడు. ఎవరూ లేవలేదు. ఆ తర్వాత తమ్ముడి గొంతు. అయిపోయాక ఆమె మాస్టర్ ముందుకు వెళ్ళి నిలబడింది. వాళ్ళ భాషలో అన్న మాటలు, ఇప్పుడు ఫోన్ చేసిన ఆ కెన్యా గార్డే తర్వాత ఎవరినో అడిగి నాకు చెప్పాడు.

"ఎందుకు తిరిగి తెచ్చావు? అంతా చెరిపాక తేవలసింది."

"అమ్మా, నేను మీ అడిస్ అబాబాలో పెరిగినవాణ్ణి. నీ తమ్ముడు మాట్లాడిన భాష నాకూ వచ్చు. నేనెందుకు చెరుపుతాను?"

"వచ్చు కాబట్టే."

గాయకుడు మధ్యలోకి వెళ్ళి ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. ఇది ఈయన పని కాదు, నా మాట నమ్మండి అన్నాడు. మరి ఎవరిదని అడిగారు. ఆ జవాబు స్పీకరు పక్కన నిలబడి ఉంది. ఇథియోపియా ఆడవాళ్ళు తమ కాఫీ కూజా తీసుకుని మెట్లు దిగిపోయారు. రెండు వారాలకు ఎరిత్రియావాళ్ళలో చాలామంది మానేశారు. తమ మనిషిని దొంగ అన్న చోటికి ఎందుకు రావాలని. సుడాన్ డ్రైవర్లు ఎటువైపు ఉండాలో తెలియక వాళ్ళూ తగ్గారు. పెద్ద పళ్ళెం చుట్టూ ఏడెనిమిది మంది మిగిలారు. నేను ఆ వారాల్లోనే మొదటిసారి అందరితో కలిసి ఆ పళ్ళెంలో తిన్నాను. అంత చోటు ఖాళీగా ఉంటే వేరే పళ్ళెం అడగడానికి సిగ్గేసింది.

ఆయన మాత్రం ఆగలేదు. మాస్టర్ కుట్టిన చొక్కాలు వెళ్తూనే ఉన్నాయి. రాని ఆడవాళ్ళకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆయనే వెళ్ళేవాడు. అయితే శుక్రవారాలు పాడటం తగ్గించాడు. ఆరు నెలలకు హోటల్‌వాళ్ళు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళేముందు గది తాళం అందరి ముందూ మాస్టర్ చేతిలో పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎంతమంది మానేసినా నువ్వు ఒక్క శుక్రవారం కూడా మానలేదు, బ్రదర్. ఇది నేను మరిచిపోను."

నేను మానకుండా వచ్చింది భయంతో. నేను లేనప్పుడు ఎక్కడ నిజం బయటపడుతుందోనని. అది చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకోటి రాదు. "థాంక్యూ" అన్నాను.

ఆయన విమానం ఎక్కిన వారం తర్వాత మాస్టర్ కొట్టుకు వెళ్ళాను. ఆయన కుట్టుమిషను మీద వంగి ఉన్నాడు. నిలబడే చెప్పాను. కాగితం కుక్కిన దగ్గర్నుంచి ఖాళీ ఎక్కించిన దాకా అంతా. ఆయన కాలు ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తాడు.

"రఫీక్, ఈ మాట నాకెందుకు? నేను చేయలేదని నాకు మొదటి రోజే తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పు."

"వాళ్ళు గదికి రారు కదా మాస్టర్."

"చర్చికి వస్తారు. యల్లా, వెళ్ళు."

ఆ శుక్రవారం చర్చి గేటు బయట నిలబడ్డాను. తెల్లటి గుడ్డలు తలమీద కప్పుకున్న ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. ఆమె నన్ను గుర్తుపట్టి, "భాయ్, ఇక్కడేంటి?" అని నవ్వుతూ దగ్గరికి వచ్చింది. నాకొచ్చిన హిందీలో, ఆమెకు తెలిసిన అరబ్బీ ముక్కలు కలిపి చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. మొదటిసారి ఆమె నమ్మలేదు. మాస్టర్‌ను కాపాడటానికి చెప్తున్నాననుకుంది. రెండోసారి సిగరెట్ కాగితం సంగతి చెప్పాక నమ్మింది. తర్వాత ఆమె మాస్టర్ కొట్టుకు వెళ్ళిందనీ, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారనీ, గదికి మాత్రం ఆమె మళ్ళీ రాలేదనీ తెలిసింది. తమ్ముడి గురించి అప్పటికి ఏ కబురూ లేదు.

ఆ రోజు గేటు దగ్గర మాత్రం నన్ను తిడుతుందని, నలుగురినీ పిలుస్తుందని సిద్ధపడి వచ్చాను. ఆమె అదేమీ చేయలేదు.

"మొదట్లో వాడు ఏమన్నాడో ఆ రోజు నేను ఏడుస్తూ వినలేదు. నువ్వు చెరిపేముందు విన్నావు కదా. ఏం వినపడింది?" అని అడిగింది.

"భాష తెలియదు, సిస్టర్."

"భాష వద్దు. ఏం వినపడిందో చెప్పు."

ఆలోచించాను. "ఎక్కడో కోడి కూసింది. ఆయన మాట్లాడుతూ ఆగి నవ్వాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు."

"ఎలా?"

ఆ ఎండలో, ఆడవాళ్ళంతా చూస్తుండగా, నాకు గుర్తున్నంతలో ఆ నవ్వు నవ్వి చూపించాను. ఆమె కళ్ళు మూసుకుని విని తల అడ్డంగా ఊపింది.

"అలా కాదు" అంది.

ఇంకోసారి నవ్వి చూపించాను.

"కాదు" అంది.